బట్టచాటు లోపం

బిడ్డ పుట్టిన వార్త బయటికి రాగానే వరండాలో కాచుకున్నవారు అడిగే మొదటి ప్రశ్న "ఆడా, మగా?" అని. రెండవది "కాళ్ళూ చేతులూ సక్రమంగా వున్నాయా?" అని. మగబిడ్డ, అన్నీ సరిగానే వున్నాయి అని నర్సు చెబితే అందరి మనసులూ కుదుటపడతాయి. మిఠాయి పొట్లాలు వస్తాయి. తరువాత పదిరోజులకో పదిహేను రోజులకో, ఇంట్లో పెద్దావిడ పీటమీద కూర్చుని కాళ్ళు చాపి, పసివాణ్ణి కాళ్ళమీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోస్తున్నప్పుడు, ఒక విషయం ఆమె కంటబడుతుంది. బిడ్డ ఒంటేలు పోస్తే ధార ముందుకు రాదు, కిందికి పడుతుంది. పరకాయించి చూస్తే మూత్రద్వారం వుండవలసిన చోట లేదు, కాస్త కిందుగా వున్నది. ముందుచర్మం పైవైపునంతా గుమిగూడి వున్నది, కిందివైపున లేనేలేదు. ఆ మాట ఆవిడ కూతురితో చెబుతుందా? చాలా ఇళ్ళలో చెప్పదు. చెబితే, "ఎవరితోనూ అనకే తల్లీ" అని కూడా చేర్చి చెబుతుంది.

ఆ మాట అక్కడ ఆగిపోకూడదనే ఈ వ్యాసం. అది సిగ్గుపడవలసిన విషయమూ కాదు, దాచిపెడితే దానంతటది సర్దుకునే విషయమూ కాదు. వేళకు చూపించుకుంటే చికిత్స వున్న పుట్టులోపం.

వైద్యులు దీనిని హైపోస్పేడియాస్ అంటారు. గ్రీకు మాట. 'హైపో' అంటే కింద, 'స్పేడాన్' అంటే చీలిక. క్రీస్తుశకం రెండవ శతాబ్దంలో గాలెన్ అనే వైద్యుడు ఈ పేరు వాడినాడని చెబుతారు. అంత పాత లోపం. పోనీ అరుదైనదా అంటే అదీ కాదు. సుమారు 250 నుంచి 300 మంది మగశిశువులలో ఒకరికి ఏదో ఒక మోతాదులో ఇది వుంటుంది. వెయ్యిమంది మగపిల్లలు చదువుకునే బడిలో ముగ్గురో నలుగురో ఈ లోపంతో పుట్టినవారై వుంటారన్నమాట. మనకు తెలియదు, అంతే.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి కనుక నాకు మాటల సంగతి ముందు తోస్తుంది. పెదవి చీలి పుట్టిన బిడ్డ విషయంలో మన భాషలో ఒక పేరున్నది, గ్రహణం మొర్రి అని. ఆ పేరు వెనకనున్న నమ్మకం తప్పే. గ్రహణానికీ ఆ చీలికకూ సంబంధం లేదు. అయినా పేరు వుండడంవల్ల ఒక మేలు జరిగింది. నలుగురిలో ఆ మాట అనగలుగుతున్నారు, ఎక్కడ ఆపరేషను చేస్తారని వాకబు చేయగలుగుతున్నారు. ఈ రెండవ లోపానికి ఇళ్ళలో చలామణి అయ్యే పేరు లేదు. "అక్కడ కొంచెం తేడాగా వుంది" అంటారు. ఆ 'అక్కడ' దగ్గరే మాట నిలిచిపోతుంది. నిజానికి రెండూ ఒక కోవకు చెందినవే. రెండు అంచులు కలియవలసిన చోట కలియకపోవడమే రెండింటిలోనూ జరిగినది. ముఖాన వున్నదానికి వైద్యమూ, బట్టచాటున వున్నదానికి మౌనమూ!

కుట్టు ఎక్కడ ఆగింది?

తల్లి కడుపులో ఎనిమిదవ వారం మొదలు పదహారవ వారంలోగా మగశిశువుకు మూత్రనాళం ఏర్పడుతుంది. మొదట అది గొట్టం కాదు. పలచని పట్టీలాగా, తెరిచిన కాలువలాగా వుంటుంది. దర్జీ పొడుగాటి గుడ్డపేలికను రెండు అంచులూ కలిపి కుట్టుకుంటూ పోతే గొట్టం తయారైనట్లు, ఆ పట్టీ రెండు అంచులూ వెనకనుంచి ముందుకు కలుసుకుంటూ వస్తాయి. ఆ కుట్టు గుర్తు ప్రతి మగవాడి శరీరంమీదా సన్నని గీతలాగా జన్మంతా నిలిచి వుంటుంది. శిశువు వృషణాలనుంచి పుట్టే పురుష హార్మోను ఈ పనిని నడిపిస్తుంది. మధ్యలో ఏ కారణంచేతనైనా కుట్టు ఆగిపోయిందా, ఆగినచోటే మూత్రద్వారం మిగిలిపోతుంది.

కొసకు కాస్త ఇవతల ఆగితే లోపం స్వల్పం. నడుమ ఆగితే మధ్యరకం. వృషణాల సంచి దగ్గరో, ఇంకా వెనకనో ఆగితే తీవ్రం. అదృష్టవశాత్తు నూటికి అరవై డెబ్బై మంది పిల్లలలో అది కొసకు దగ్గరలోనే వుంటుంది. ద్వారం చోటు తప్పడంతోపాటు సాధారణంగా మరి రెండు లక్షణాలు కనబడతాయి. ఒకటి, అవయవం కిందివైపుకు వంగి వుండడం. రెండు, ముందుచర్మం పైన ముసుగులాగా మిగిలి, కింద లోపించడం. మూడూ అందరిలోనూ ఒకే మోతాదులో వుండవు.

ఎందుకు ఆగింది అని తల్లిదండ్రులు అడుగుతారు. చాలామంది పిల్లల విషయంలో ఇదీ కారణమని వేలుపెట్టి చూపగలిగినది ఏదీ వుండదు. కొంత వంశంలో వస్తుంది. ఒక పిల్లవాడికి వుంటే అతని తమ్ముడికి వచ్చే అవకాశం నూటికి పది దాకా వుంటుంది. కొన్నిచోట్ల తండ్రికీ వుంటుంది, ఆయన ఎన్నడూ ఎవరితోనూ అని వుండడు. నెలలు నిండకుండా పుట్టినవారిలోనూ, తూకం తక్కువగా పుట్టినవారిలోనూ ఇది ఎక్కువగా కనబడుతుంది. గ్రహణంనాడు తల్లి కత్తిపీట పట్టుకున్నందువల్ల కాదు, ఆమె తిన్న ఏ పదార్థంవల్లా కాదు, ఎవరి శాపమూ కాదు. కోడలిని నిందించడానికి ఇందులో ఇసుమంత ఆధారం లేదు.

ముందు చూడవలసినవి

బిడ్డకు ఈ లోపం వున్నదని అనుమానం కలిగితే మూడు సంగతులు గుర్తుంచుకోవాలి.

మొదటిది, వృషణాలు రెండూ సంచిలోకి దిగినవా అని చూపించుకోవాలి. ఈ లోపమున్న పిల్లలలో పదిమందికి ఒకరి చొప్పున ఒకటో రెండో దిగకుండా వుంటాయి. కొందరికి గజ్జలలో వరిబీజం కూడా వుంటుంది. వాటిని కూడా ఆ వైద్యులే సరిచేస్తారు.

రెండవది అత్యవసరమైనది. రెండు వృషణాలూ చేతికి తగలకపోతే ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకూడదు. అడ్రినల్ గ్రంథులకు సంబంధించిన ఒక పుట్టుజబ్బులో ఆడబిడ్డే చూపులకు మగబిడ్డలాగా కనబడవచ్చు. ఆ జబ్బు కొన్ని రకాలలో ఒంట్లోని ఉప్పు మూత్రంలో పోయి, రెండు మూడు వారాలలో ప్రాణంమీదికి వస్తుంది. రక్తపరీక్షవల్ల అది తెలుస్తుంది, మందులతో బిడ్డ బతికి బట్టకడుతుంది. ఇటువంటి బిడ్డను నలుగురూ ఏమంటారో అని ఇంట్లో దాచడంకన్నా పెద్ద పొరపాటు లేదు. లోపం తీవ్రంగా వున్నప్పుడూ, దానితోపాటు వృషణం దిగనప్పుడూ క్రోమోజోముల పరీక్ష, హార్మోనుల పరీక్ష చేయిస్తారు.

మూడవది, ఈ లోపమున్న పిల్లవాడికి శస్త్రవైద్యుడు చూడకుండా సున్తీ చేయించకూడదు. మతాచారంగా చేయించేవారూ, చర్మం బిగుతుగా వున్నదని చేయించేవారూ కూడా ఇది తెలుసుకోవాలి. పైన ముసుగులాగా మిగిలిన ఆ చర్మమే శస్త్రవైద్యుడికి తరువాత కావలసిన గుడ్డ. అది కోసి పారవేస్తే, బట్ట కుట్టవలసిన దర్జీ దగ్గర తాను లాక్కున్నట్లే. ఆచారం పాటించే కుటుంబాలకు ఇబ్బంది లేదు. లోపం సరిచేసేటప్పుడే ఆ పని కూడా కలిసివచ్చేటట్లు చేయమని వైద్యుణ్ణి అడగవచ్చు.

రెండు వేల ఏళ్ళ ప్రయత్నం

అలెగ్జాండ్రియాలో హీలియొడోరస్, అంటిల్లస్ అనే ప్రాచీన శస్త్రకారులు దీనికి చెప్పిన చికిత్స వింటే ఒళ్ళు జలదరిస్తుంది. ద్వారం ఎక్కడున్నదో దానికి ముందున్న భాగాన్ని కోసివేయడమే ఆ చికిత్స. ధార తిన్నగా పడుతుంది, మిగతాది పోయింది.

లేనిచోట కొత్త భాగం తయారుచేయాలన్న ఆలోచనకు మన దేశంలో పాత పరిచయమున్నది. తెగిన ముక్కుకు చెక్కిలి చర్మంతో కొత్త ముక్కు ఎలా చేయాలో సుశ్రుతుడు చెప్పినాడు. చర్మాన్ని పూర్తిగా వేరుచేయకుండా, రక్తం అందే ఒక మొదలును వుంచి, పక్కకు తిప్పి అతికించడం ఇందులోని రహస్యం. మన దేశంలో నుదుటి చర్మంతో ముక్కు చేసిన వైనం 1794లో లండనులోని ఒక పత్రికలో బొమ్మతో సహా అచ్చు కాగా, ఐరోపా శస్త్రవైద్యులు దానిని ఆసక్తితో చదివి అనుసరించారు. హైపోస్పేడియాస్ చికిత్సలో ఈనాటికీ వాడే చర్మపు మడతలకు మూలసూత్రం అదే.

చర్మంతో గొట్టం చేసి మూత్రనాళాన్ని ముందుకు పొడిగించే పద్ధతిని ఫ్రాన్సులో సీమోన్ డ్యుప్లే 1874లో ప్రకటించారు. నోటిలోపలి పొరను తీసి నాళానికి వాడవచ్చునని 1941లో ఇంగ్లండులో హంబీ చూపించారు. లండను పిల్లల ఆసుపత్రిలో డెనిస్ బ్రౌన్ 1949లో వర్ణించిన పద్ధతి కొంతకాలం లోకమంతటా నడిచింది. 1971లో మన ఆగ్రా శస్త్రవైద్యులు డాక్టర్ హరిశంకర్ అసోపా, ఆయన సహచరులు ముందుచర్మంతోనే గొట్టం చేసి, వంకర తీయడమూ నాళం కట్టడమూ ఒకే ఆపరేషనులో ముగించే విధానాన్ని ప్రచురించారు. అమెరికాలో డకెట్ 1980లో అటువంటి మార్గాన్నే తనదైన రీతిలో పెంపొందించారు. 1994లో స్నాడ్‌గ్రాస్ అనే అమెరికను వైద్యుడు చెప్పిన చిట్కా చూడడానికి చిన్నది. నాళం కావలసిన పట్టీ ఇరుకుగా వుంటే, దాని నడిమధ్య నిలువుగా ఒక గాటు పెడితే అది వెడల్పుగా విచ్చుకుంటుంది. అప్పుడు అంచులు కలిపి గొట్టంగా చుట్టవచ్చు. గాటు దానంతటది మానిపోతుంది. స్వల్పరకం లోపానికి ఈనాడు ఎక్కువగా చేసే ఆపరేషను ఇదే.

ఇంతవరకూ మూడువందలకు పైగా పద్ధతులు వర్ణించబడినవి. ఒక లోపానికి అన్ని చికిత్సలున్నవంటే, అన్నిటికీ సరిపోయే ఒక్కటి ఇంకా దొరకలేదని అర్థం. ఏ పిల్లవాడికి ఏది తగునో ఎంచుకోవడంలోనే శస్త్రవైద్యుడి నేర్పు తెలుస్తుంది.

బల్లమీద ఏం జరుగుతుంది?

ఆరు నెలలు మొదలు ఏడాదిన్నర లోపల ఈ ఆపరేషనుకు అనువైన వయసని ఇప్పటి అభిప్రాయం. ఆరునుంచి పన్నెండు నెలల మధ్య చేయడం మేలని అమెరికా శిశువైద్యుల సంఘం 1996లో చెప్పింది. ఆ వయసులో గాయం త్వరగా మానుతుంది, కట్టు విప్పుకోవడం చేతకాదు, ముఖ్యంగా ఆ నొప్పీ ఆ భయమూ పిల్లవాడి జ్ఞాపకంలో మిగలవు. మన ఆసుపత్రులకు బడిలో వేసిన తరువాత తీసుకువచ్చే తల్లిదండ్రులు ఇప్పటికీ వున్నారు. అప్పుడైనా చేస్తారు. పెళ్ళి కుదిరిన తరువాత ఒంటరిగా వచ్చే యువకులకూ చేస్తారు. కాని వయసు ముదిరినకొద్దీ గాయం మానడంలో చిక్కులు పెరుగుతాయి.

పిల్లవాడికి పూర్తిగా మత్తు ఇస్తారు. ఆపరేషను తరువాతి నొప్పి తెలియకుండా నడుము కింద వెన్ను దగ్గర మరొక సూది వేస్తారు. శస్త్రవైద్యుడు భూతద్దాల కళ్ళజోడు పెట్టుకుని, తలవెంట్రుకంత సన్నని దారంతో కుడతాడు. ఆ దారం తరువాత దానంతటది కరిగిపోతుంది. మొదట వంకర తీస్తారు. సరిగా తీరినదో లేదో బల్లమీదనే పరీక్షించి చూస్తారు. తరువాత సన్నని రబ్బరు గొట్టం చుట్టూ నాళాన్ని కడతారు. దానిమీద అడుగు చర్మపు పొరను ఒకదాన్ని అస్తరులాగా పరుస్తారు. చొక్కా నిలవడానికి లోపల అస్తరు ఎలాంటిదో, కొత్త నాళం కారకుండా వుండడానికి ఈ పొర అలాంటిది. ఆపైన చర్మం కుట్టి కట్టు కడతారు.

లోపం తీవ్రంగా వున్నప్పుడు ఒకేసారి అంతా చేయబోవడం మంచిది కాదని చాలామంది వైద్యుల అనుభవం. మొదటిసారి వంకర తీసి, ముందుచర్మాన్నో బుగ్గలోపలి పొరనో అక్కడ నాటుతారు. నారు నిలదొక్కుకోవడానికి ఆగినట్లే సుమారు ఆరునెలలు ఆగుతారు. అది మెత్తబడి పాతుకున్న తరువాత రెండవసారి దానిని గొట్టంగా చుడతారు. "రెండు ఆపరేషన్లా?" అని భయపడి, ఒకేసారి చేస్తామన్న చోటు వెదుక్కుంటూ పోవడం తెలివి కాదు.

ఇంటికి వచ్చాక వారంరోజులో పదిరోజులో రబ్బరు గొట్టం వుంటుంది. దానిగుండా మూత్రం గుడ్డలోకి కారుతుంది. గొట్టం లాగకుండా చూడాలి. కట్టు తడిసిందని మనమే విప్పకూడదు. పసుపు, వేపాకు, కొబ్బరినూనె ఏదీ రాయకూడదు. మన ఆడవాళ్ళు పిల్లవాణ్ణి చంకన ఎత్తుకుంటే వాడి కాళ్ళు రెండువైపులా పడి, కుట్లమీద ఒత్తిడి కలుగుతుంది. వైద్యుడు సరేననేవరకూ రెండు చేతుల్లో పడుకోబెట్టుకునే ఎత్తుకోవాలి. జ్వరం వచ్చినా, రక్తం ఆగకుండా కారినా, మూత్రం నిలిచిపోయినా వెంటనే ఆసుపత్రికి పోవాలి.

ఫలితాల మాట

ఇక్కడ నిజం దాచకూడదు. చేయి తిరిగిన శస్త్రవైద్యుల దగ్గర, కొసకు దగ్గరగా వున్న లోపానికి చేసిన ఆపరేషనులలో నూటికి తొంభై, ఆపైన పిల్లలకు మొదటిసారితోనే పని చక్కబడుతుంది. తీవ్రమైన రకంలో అలా కాదు. నూటికి ముప్పై నుంచి యాభై మంది పిల్లలకు ఏదో ఒక చిక్కు వచ్చి, మరొక ఆపరేషను అవసరం కావచ్చు.

ఆ చిక్కులేమిటి? ఎక్కువగా వచ్చేది గండి. కొత్తగా కట్టిన కాలువకు గట్టు తెగినట్లు, కుట్టులో ఒకచోట సన్నని రంధ్రం పడి, మూత్రం రెండు దారుల వస్తుంది. దీనివల్ల ప్రాణభయం లేదు. కాని కనబడిన మర్నాడే పూడ్చకూడదు. కనీసం ఆరునెలలు ఆగి, చర్మం మెత్తబడిన తరువాత పూడుస్తారు. రెండవది, ద్వారం ఇరుకు కావడం. ధార దారంలాగా సన్నగా వస్తుంది, పిల్లవాడు ముక్కుతూ పోస్తాడు. దీనిని అశ్రద్ధ చేస్తే వెనక గండి పడుతుంది, మూత్రాశయానికీ హాని. మూడవది, కుట్లు విడిపోవడం. నాలుగవది, నాళం ఒకచోట తిత్తిలాగా ఉబ్బి, పోసిన తరువాత కూడా చుక్కలు చుక్కలుగా కారడం. అయిదవది, తీసిన వంకర ఎదిగే వయసులో మళ్ళీ కనబడడం.

ఆసుపత్రుల లెక్కలు చదివేటప్పుడు ఒక మెలకువ అవసరం. ఆపరేషను అయిన ఏడాదిలోపల ఎంతమందికి గండి పడినదో లెక్కవేయడం సులభం. ఎక్కువ గండ్లు ఆ లోపలే బయటపడతాయి కూడా. నాళం ఇరుకు కావడం, వంకర తిరిగి రావడం వంటివి ఏళ్ళ తరువాత తెలుస్తాయి. అప్పటికి కుటుంబం ఊరు మారి వుంటుంది, పిల్లవాడు హాస్టలులో వుంటాడు. తిరిగి రానివారందరూ బాగున్నవారే అని లెక్కలో పడిపోతారు. అందుచేత కుట్లు మానగానే పని అయిపోయిందనుకోకుండా, పిల్లవాడు యుక్తవయసు దాటేవరకూ అప్పుడప్పుడు చూపిస్తూ వుండాలి. ఇది వాడి మేలు కోసమే కాదు, రేపు పుట్టబోయే పిల్లలకు ఏ పద్ధతి మంచిదో తెలియడానికి కూడా.

మొదటి ఆపరేషనే మంచి అవకాశం. ప్రతిసారీ చర్మం కొంత ఖర్చవుతుంది, మచ్చ కొంత పెరుగుతుంది. చాలాసార్లు చెడిన తరువాత వచ్చినవాడికి వాడుకోవడానికి మెత్తని చర్మమే మిగలదు. కనుక దగ్గరలో వున్నారని కాక, ఈ పని తరచుగా చేసే పిల్లల శస్త్రవైద్యుల దగ్గరికి, లేక ఇందులో అనుభవమున్న యూరాలజిస్టు దగ్గరికో ప్లాస్టిక్ సర్జను దగ్గరికో పోవాలి. "మీరు ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు? ఎందరికి రెండవసారి అవసరమైంది?" అని మర్యాదగా అడగడం తప్పు కాదు. మంచి వైద్యుడు ఆ ప్రశ్నకు కోపగించుకోడు.

డబ్బులేదని ఆగవలసిన పని కూడా లేదు. హైదరాబాదులో నీలోఫర్, విశాఖపట్టణంలో కింగ్ జార్జి వంటి ప్రభుత్వ ఆసుపత్రులలో పిల్లల శస్త్రచికిత్సా విభాగాలున్నవి. 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైన పథకం జాబితాలో ఈ ఆపరేషను కూడా చేరింది. ఉభయ రాష్ట్రాలలో పథకాల పేర్లూ నియమాలూ మారుతూ వుంటాయి కనుక, ఆసుపత్రిలోని సహాయకేంద్రంలో ముందు అడిగి తెలుసుకోవడం మంచిది.

అందరికీ అవసరమా?

అవసరం లేదు. 1995లో జర్మనీ వైద్యులు ఒక పరిశీలన ప్రచురించారు. వేరే జబ్బులకోసం ఆసుపత్రికి వచ్చిన 500 మంది పెద్దవాళ్ళను పరీక్షిస్తే, వారిలో 65 మందికి ఈ లోపం స్వల్పంగా వున్నట్లు తేలింది. అందులో ఎక్కువమందికి ఆ సంగతే తెలియదు. నిలబడి మూత్రం పోయగలుగుతున్నారు, సంసారాలు చేసుకుంటున్నారు. అంచేత ద్వారం కొసకు కాస్త ఇవతల వుండి, ధార తిన్నగా వుండి, వంకర లేకపోతే, ఆపరేషను అందంకోసమే అవుతుంది. చేయించకుండా వుండడమూ ఒక మార్గమేనని నేడు చాలామంది వైద్యులు చెబుతారు. పిల్లవాడు పెద్దవాడై తానే నిర్ణయించుకోనివ్వాలనే వాదం కూడా వున్నది. దాన్ని తీసిపారేయడానికి వీలులేదు. ధార కాళ్ళమీద పడుతున్నప్పుడు, వంకర స్పష్టంగా వున్నప్పుడు, ద్వారం బాగా వెనకవున్నప్పుడు మాత్రం శస్త్రచికిత్సవల్ల కలిగే మేలు చిన్నది కాదు. బడిలో తోటిపిల్లల మధ్య నిలబడలేక, విరామం గంట కొట్టినా గదిలోనే కూర్చుండిపోయే పిల్లవాడి అవస్థ ఊహించుకోండి.

పెళ్ళి, పిల్లల సంగతి తల్లుల మనసులో మొదటిరోజునుంచీ వుంటుంది, అడగడానికి నోరు రాదు. స్వల్పరకం వున్నవారిలో చాలామందికి దాంపత్యానికిగాని సంతానానికిగాని అడ్డు వుండదు. తీవ్రరకం వుండి, వృషణాలలో కూడా లోపమున్నప్పుడు సంతానం విషయంలో కష్టం రావచ్చు; దానికీ ఈనాడు వైద్యసహాయమున్నది. లోపం మూత్రద్వారపు చోటుకు సంబంధించినదిగాని, మగతనానికి సంబంధించినది కాదని పిల్లవాడికీ, వాడి తల్లిదండ్రులకూ కూడా గట్టిగా తెలియాలి.

పిల్లవాడికి చెప్పాలి

చిన్నతనంలో ఆపరేషను జరిగింది, వాడికి గుర్తులేదు, ఇంక ఆ మాట ఎందుకు అని చాలామంది ఊరుకుంటారు. పదమూడు పద్నాలుగేళ్ళ వయసులో ఆ పిల్లవాడు తన ఒంటిమీద మచ్చ చూసుకుంటాడు. ఇతరులతో పోల్చుకుంటాడు. ఎవరినీ అడగలేడు. తనకేదో జరగరానిది జరిగిందనీ, ఇంట్లోవాళ్ళు దాచారనీ అనుకుంటాడు. కుట్లు మానిన గాయం మనసులో మళ్ళీ రేగుతుంది. ఇటువంటివారిలో కొందరు పెద్దయినాక తమ రూపం గురించి పడే దిగులు, అసలు లోపంకన్నా ఎక్కువగా వుంటుందని వైద్యులు గమనించారు.

కనుక తెలిసే వయసు వచ్చినప్పటినుంచీ, ప్రశ్న వచ్చినప్పుడల్లా, వాడికి అర్థమయ్యేపాటి మాటలలో చెప్పాలి. అయిదేళ్ళవాడికి "నువ్వు పుట్టినప్పుడు ఒంటేలు దారి కొంచెం కిందికి వుండేది, డాక్టరుగారు సరిచేశారు" అంటే చాలును. పన్నెండేళ్ళవాడికి తండ్రో మేనమామో పక్కన కూర్చోబెట్టుకుని, ఇంకా కొంత చెప్పాలి. ధార సన్నబడినా, వంకర కనబడినా సిగ్గుపడక చెప్పమనాలి. తండ్రి తనకూ ఆ లోపం వుండేదని చెప్పగలిగితే, ఆ ఒక్కమాట పది మందులపెట్టు. అతనికి కొడుకు పుట్టినప్పుడు, బిడ్డను ముందుగా చూపించుకోవాలని అతనికే తెలిసి వుంటుంది.

చివరగా ఒక చిన్న సలహా. ఆపరేషను ఎక్కడ, ఎప్పుడు, ఏ పద్ధతిలో, ఎవరు చేశారో ఆసుపత్రివారు కాగితంమీద రాసి ఇస్తారు. చాలా ఇళ్ళలో అది పాత వార్తాపత్రికలతోపాటు తూకానికి పోతుంది. ఇరవై ఏళ్ళ తరువాత ఏదైనా చిక్కు వస్తే, కొత్త వైద్యుడు మొదట అడిగేది ఆ కాగితమే. పిల్లవాడి జాతకం ఏ పెట్టెలో దాచారో, దీనినీ అదే పెట్టెలో దాచండి. వాడు పెద్దవాడైన రోజున రెండూ కలిపి వాడి చేతికివ్వండి.